వాన జాడ: కడప పడమటి సీమలో వాతావరణ పరిశీలనపై ఒక సమీక్ష

శ్రావణము వచ్చినను పడమటినుండి తూర్పునకు పరుగులిడు మేఘములను చూచుటయే గాని వానచుక్క నెరుగని బీళ్లు, ఆశ్వయుజ కార్తికములలో ఒక్క రాత్రి పొంగిన వంకకు దారి తెగి దీవులైన పల్లెలు – ఈ విపర్యయములు రెండును ఒకే యేట ఒకే మండలమున సంభవింపగల సీమ కడప జిల్లా పడమటి భాగము. సంవత్సరమునకు సుమారు 700 మిల్లీమీటర్ల వాన పడునని చెప్పబడు ఈ జిల్లాలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణములును వాని చుట్టునున్న పల్లెలును ఆ సగటుకంటె తక్కువగా తడియు ప్రదేశములు. ఇట్టి చోట ఆకాశమువైపు చూచుట వినోదము కాదు. వేరుసెనగ విత్తనము కొని యింట పెట్టుకొన్నవాడును, అరటితోటకై అప్పు తెచ్చినవాడును, పెన్న యొడ్డున ఇల్లు కట్టుకొన్నవాడును దినదినము చేయు పని అది. వీరికి తోడుగా, వృత్తిచేత గాక అభిరుచిచేత వాతావరణమును అనుసరించువారు ఈ పదిపదునైదేండ్లలో పట్టణములందును పల్లెలందును పెరిగినారు. అట్టివారు ఈ సీమలో దేనిని చూడవలయును, దేనిని ఎంతవరకు నమ్మవలయును, తోటివారికి ఏమి చేసిపెట్టగలరు అను ప్రశ్నను సమగ్రముగా విచారించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. నా యభిప్రాయమును మొదటనే చెప్పుచున్నాను: ఈ సీమలో తుపానును సముద్రముమీద గాక ఏటి పరీవాహక ప్రాంతముమీద చూడవలయును, అభిరుచిపరుడు రేపటి వానను ప్రకటించుటకంటె నేటి వానను తప్పక కొలిచి వ్రాసియుంచుటవలన ఎక్కువ మేలు చేయును.

పూర్వుల జ్ఞానమును ముందుగా పరికింతము. మన రైతులు వానకాలమును నెలలతో గాక కార్తెలతో లెక్కించిరి. మృగశిర, ఆరుద్ర, పునర్వసు, పుష్యమి మొదలుగా సూర్యుడు ఒక్కొక్క నక్షత్రమున నిలుచు పదుమూడు పదునాలుగు దినములు ఒక్కొక్క కార్తె. చాంద్రమాన మాసములు అధికమాసముచేత ముందు వెనుకలకు జరుగుచుండును గాని కార్తె సూర్యుని గతిని బట్టి యేర్పడినది కనుక ప్రతి సంవత్సరము దాదాపు అదే తేదీకి వచ్చును. మృగశిర జూన్ మొదటి వారము దాటగానే, ఉత్తర సెప్టెంబరు నడుమ, స్వాతి అక్టోబరు చివరి భాగమున ప్రవేశించును. కావున ‘ఈ కార్తెలో ఈ పైరు’ అను రైతువాక్యము భవిష్యవాణి కాదు. అనేక తరముల సగటును జ్ఞాపకమున నిలుపుకొనిన సాధనము. జమ్మలమడుగు నల్లరేగళ్లలో బుడ్డసెనగ విత్తుటకు ఉత్తర హస్త కార్తెల వానలతో నేల నిండ పదునెక్కి, చిత్త స్వాతులలో ఆ పదును ఆరకమునుపే గొర్రు కట్టుట నేటికిని తప్పని క్రమము. అయితే సగటు సగటే. ఫలానా సంవత్సరపు హస్తకార్తెలో వాన పడునో పడదో కార్తె చెప్పజాలదు. పంచాంగ శ్రవణమున వినవచ్చు ఆఢకముల లెక్కయు, అందు సముద్రమునకు ఇన్ని భాగములు, పర్వతములకు ఇన్ని, భూమికి ఇన్ని అను పంపకమును, సంప్రదాయముగా గౌరవింపదగినవే గాని ఒక మండలపు విత్తుబడిని నిర్ణయించుటకు పనికిరావు. అందొక సూక్ష్మము కూడ కలదు: విషువచ్చలనముచేత సూర్యుడు అదే నక్షత్రమును చేరు దినము సుమారు డెబ్బదిరెండేండ్లకు ఒక దినము చొప్పున ఋతువునందు వెనుకబడును, ఆరవ శతాబ్దమునాటి వరాహమిహిరుడు బృహత్సంహితలో నక్షత్రములతో ముడిపెట్టిన వాన లక్షణములు నేటి ఋతువునకు ఇరువది దినముల వరకు తొలగియున్నవి.

మన పూర్వులయందు నాకు మిక్కిలి గౌరవము కలిగించునది జోస్యము కాదు, కొలత. కౌటిల్యుని అర్థశాస్త్రము ధాన్యాగారమున అరత్ని (మూరెడు) వెడల్పు నోరుగల పాత్రను వర్షమానముగా ఉంచవలయునని విధించి, ఏ దేశమున ఎన్ని ద్రోణముల వాన పడునో చెప్పుచు, గోదావరీతీరపు అశ్మక దేశమునకు పదుమూడున్నర ద్రోణములని నిర్ణయించినది. వానను కొలిచి పన్నును, విత్తుబడిని ఆ కొలతకు ముడిపెట్టిన బుద్ధి అది. ఆ బుద్ధి మరల మన జిల్లాకు వచ్చినది ఆంగ్లేయుల కాలమున. తాలూకా కచేరీలలో వానమాపకములు నెలకొల్పబడినవి. 1875లో గ్రిబుల్ దొర వెలువరించిన కడప జిల్లా మాన్యువలునాటికి జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల తాలూకాలుగా నుండెను. భారత వాతావరణ శాఖ జన్మించినదియు ఆ యేడే. మరుసటి సంవత్సరమే ధాత కరువు. 1876 నుండి 1878 వరకు దత్తమండలములను ఊడ్చి పెట్టిన ఆ క్షామముచేత వానను ముందుగా తెలిసికొనవలసిన యగత్యము ప్రభుత్వమునకు కలిగినది. శాఖకు తొలి అధిపతియైన హెన్రీ బ్లాన్‌ఫర్డ్ హిమాలయములపై పడిన మంచునకును నైరుతి వానలకును గల సంబంధమును పట్టి 1886లో మొదటి దీర్ఘకాలిక సూచనను వెలువరించెను. తరువాత 1904 నుండి 1924 వరకు ఆ పదవిలోనుండిన గిల్బర్ట్ వాకర్ ప్రపంచము నలుమూలల వాయుపీడనములను లెక్కగట్టి, పసిఫిక్ సముద్రపు ఒక కొసకును మరియొక కొసకును నడుమ పీడనము త్రాసుతక్కెడవలె ఊగుచున్నదని కనుగొనెను. నేడు ఎల్ నినో అని పత్రికలందు చదువు విషయమునకు ఆధారము అదియే. దత్తమండలముల ఆకలి లోకమునకు ఒక శాస్త్రమును ప్రసాదించినది. ఆ శాస్త్రముచేత ముందుగా మేలుపొందవలసినవారు మనవారే.

ఎల్ నినో అనగానే కరువు అను భయము మనలో నాటుకొన్నది. నైరుతి కాలమునకు ఆ భయము చాలవరకు న్యాయమైనదే. కాని ఎల్ నినో యేండ్లలో ఈశాన్య రుతుపవనము దక్షిణ ద్వీపకల్పమున బలపడుట సాధారణము. 2015లో ఎల్ నినో ప్రబలియున్న నవంబరు, డిసెంబరు నెలలలోనే చెన్నై, నెల్లూరు సీమలు మునిగినవి. వానలో పెద్ద భాగమునకై సెప్టెంబరునుండి నవంబరు వరకు గల నెలలకు ఎదురుచూచు ఈ సీమకు, నైరుతి కాలమునకు ముందు వెలువడు దేశవ్యాప్త సూచన సగము కథ మాత్రమే చెప్పును.

ఇక ఈ సీమయొక్క నైసర్గిక స్వరూపము. అసలు విషయము ఇక్కడనే యున్నది. నైరుతి గాలి అరేబియా సముద్రపు తేమను పడమటి కనుమలపై కురిపించి, కన్నడ పీఠభూమిని దాటి, వట్టి గాలియై మనకు చేరును. జూన్, జూలైలలో పులివెందుల చుట్టుప్రక్కల ధూళి రేపు ఆ గాలిలో వేగమే గాని తడి లేదు. ఆగస్టు, సెప్టెంబరు నెలలలో రుతుపవన ద్రోణి ఉత్తరమునకు జరిగి హిమాలయ పాదములను చేరినప్పుడు, ఉత్తరదేశపు పత్రికలు రుతుపవన విరామమని విలపించు ఆ దినములలోనే, మనకు సాయంకాలపు ఉరుముల వానలు పడును. మధ్యదేశమున వాన ఆగినదను వార్తయే ఇచ్చట ఆశకు కారణమగు ఈ విలోమ సంబంధమును తెలిసికొనుట స్థానిక పరిశీలకునకు అక్షరాభ్యాసము వంటిది. ఈ ఉరుము మేఘములు పెరిగి పదునాలుగు పదునైదు కిలోమీటర్ల యెత్తును తాకినప్పుడు వాని శిఖరము దాగలివలె విచ్చుకొని పడమటివైపునకు సాగుట చూడవచ్చును. ఆ యెత్తున మన అక్షాంశములమీదుగా తూర్పునుండి పడమటికి ప్రవహించు ప్రచండ వాయుధారను 1950 దశకమున గుర్తించి లోకమునకు తెలిపినవాడు పంచేటి కోటేశ్వరము. అతడు తరువాత భారత వాతావరణ శాఖకు అధిపతి యయ్యెను. ప్రొద్దుటూరు వీధిలో నిలిచి తలయెత్తినవానికి ఆ వాయుధార తన తలమీదుగానే పోవుచున్నదని తెలిసినచో ఆ మేఘశిఖరము మునుపటివలె కనబడదు.

ఈశాన్య కాలమున కథ మారును. బంగాళాఖాతమున పుట్టిన అల్పపీడనము నెల్లూరునకును చెన్నైకిని నడుమ తీరము దాటి వాయవ్యముగా లోనికి వచ్చినప్పుడు, దాని తేమగాలి మొదట వెలికొండలను, శేషాచలమును, పాలకొండలను ఢీకొని, ఆ తూర్పు వాలులందే కుంభవృష్టిగా కురియును. కొండలు దాటిన గాలి దిగుచు, వేడెక్కుచు, తడి తగ్గి పులివెందులను చేరును. అందుచేత ఒకే వాయుగుండమున రాజంపేట, కోడూరు మునుగుచుండగా జమ్మలమడుగున తుంపర పడుట అపురూపము కాదు. కాని ఇచ్చట వాన తక్కువ కనుక భయము లేదని నిద్రించువానికి ఏరు మేల్కొలుపు చెప్పును. పెన్న, చిత్రావతి, పాపాఘ్ని మూడును కర్ణాటకమున నంది కొండల సీమలో పుట్టి అనంతపురము మీదుగానో మదనపల్లె ప్రాంతముల మీదుగానో మనవైపు వచ్చునవి. కుందూ నది కర్నూలు, నంద్యాల సీమల నీటిని మోసికొని వచ్చును. చిత్రావతి నీరు పార్నపల్లె జలాశయమునకు, పెన్న నీరు 26.85 టీఎంసీల గండికోట జలాశయమునకు, అటనుండి మైలవరమునకు, మైలవరపు గేట్లు ఎత్తినచో జమ్మలమడుగునకు, ఆ తరువాత ప్రొద్దుటూరునకు చేరును. కమలాపురము దాపున కుందూ, పాపాఘ్ని వచ్చి కలియును. కావున ప్రొద్దుటూరులో వరద వచ్చునా యని యెరుగ గోరువాడు ప్రొద్దుటూరు ఆకాశమును గాక, ముందు దినమున హిందూపురము, కదిరి, చిక్కబళ్లాపురము వైపు పడిన వానను, మైలవరమునుండి విడుదల యగు క్యూసెక్కులను చూడవలయును. నీలాకాశము క్రింద పెన్న పొంగుట ఈ సీమకు సహజము.

ఈ మాటకు 2021 నవంబరు కంటె గట్టి సాక్ష్యము లేదు. ఆ నెల 19వ తేదీ తెల్లవారుజామున పుదుచ్చేరికిని చెన్నైకిని నడుమ తీరము దాటినది తుపాను కాదు, వాయుగుండము. దానికి పేరు పెట్టలేదు. ఏలయన గాలి గంటకు 62 కిలోమీటర్ల వేగమును అందుకొనిన యెడలనే తుపాను అనిపించుకొని పేరు పొందును, వాయుగుండమున గాలి 31 నుండి 49 కిలోమీటర్లు మాత్రమే. ఆ పేరులేని వాయుగుండమే తిరుమల కొండలమీదను శేషాచలము వెనుకను కురిపించిన వానకు పింఛా జలాశయపు కట్ట తెగి, దాని నీటితో చెయ్యేరు పొంగి, అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్టను ఆ తెల్లవారుజామున కోసికొని పోయినది. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట, గుండ్లూరు గ్రామములు వరదపాలైనవి. కార్తిక పౌర్ణమినాడు ఏటియొడ్డు శివాలయమునకు పోయినవారు, బస్సులలో ప్రయాణించుచున్నవారు ప్రాణములు కోల్పోయిరి. అది తూర్పు కథ. పడమట ఆకాశము అంతగా విరుచుకొని పడలేదు. అయినను ఒకటి రెండు దినములలో ఎగువ జలాశయమైన వెలిగల్లు నీటితో పాపాఘ్ని పొంగి కమలాపురము దగ్గర కడప దారిలోని వంతెన కూలిపోయినది. మైలవరమునుండి వదలిన నీటికి జమ్మలమడుగునకును ముద్దనూరునకును నడుమ పెన్నపై నున్న వంతెన కుంగి రాకపోకలు నిలిచినవి. వాన ఒక చోట, వరద మరొక చోట, వార్తయందు పేరున్న తుపాను ఎక్కడను లేదు.

దీనిని మరికొన్ని సంవత్సరములతో కలిపి చూడవలయును. 2001 అక్టోబరు 16న నెల్లూరు దాపున తీరము దాటిన తుపాను గాలిచేత తీరమున చేసిన నష్టముకంటె వానచేత కడప జిల్లా లోపల చేసిన నష్టము గొప్పది. బుగ్గవంక పొంగి కడప పట్టణమును ముంచెను. 2020 నవంబరు 25 రాత్రి పుదుచ్చేరి దగ్గర తీరము దాటిన అతితీవ్ర తుపాను నివర్ ఇంత దూరము వచ్చునప్పటికి బలహీనపడినను, బుగ్గవంక మరల కడప వీధులలోనికి వచ్చినది. 1977 నవంబరు 19న దివిసీమను కబళించిన ఉప్పెన తెలుగువారి మనస్సులలో తుపాను అనగా సముద్రము, గాలి అను చిత్రమును నిలిపినది. అది తీరమునకు సత్యము. రాయలసీమకు తుపాను అనగా నీరు, కట్ట, వంతెన. వర్గీకరణము గాలివేగమును బట్టి యున్నంత కాలము, తుపాను పేరును, దాని కన్నును మాత్రమే వెంటాడు పరిశీలకుడు మన సీమకు హాని చేయు వ్యవస్థలను తప్పక జారవిడుచును. లోనికి వచ్చిన పిదప వాయుగుండము ఎంత మందముగా కదలుచున్నది, ఒకచోట ఎంతసేపు నిలుచుచున్నది అనునదే ఇచ్చట అడుగవలసిన ప్రశ్న.

వేసవి గాలివాన వేరు జాతికి చెందినది. ఏప్రిల్, మే నెలలలో విదర్భనుండి దక్షిణ తమిళనాడు వరకు సాగు గాలుల విచ్ఛిన్న రేఖ రాయలసీమమీదుగానో దాని అంచునో పోవును. రేఖకు తూర్పున బంగాళాఖాతపు తడిగాలి, పడమట ఎండగాలి. నలుబది డిగ్రీలు దాటి కాగిన నేలపై ఈ రెండును కలసిన సాయంకాలము, గంట రెండు గంటలలోనే మేఘము ఆకాశమంత యెత్తు పెరుగును. దాని క్రిందనున్న పొడిగాలిలో వానచినుకులు ఆవిరియగునప్పుడు ఆ గాలి చల్లబడి, బరువెక్కి, నేలమీదికి కుమ్మరింపబడి నలుదిక్కులకు వ్యాపించును. వాన రాకముందే వచ్చు ఎర్రని దుమ్ము అదియే. పులివెందుల, లింగాల, వేంపల్లె ప్రాంతముల అరటి రైతునకు ప్రాణగండమైనది వాన కాదు, ఈ పది నిమిషముల గాలి. అరటిచెట్టు కాండము కర్ర కాదు, ఆకుతొడిమల పొరలు. గెల తూగుచున్న సమయమున గంటకు 50, 60 కిలోమీటర్ల గాలికే నడిమికి విరిగిపోవును. సంవత్సరముపాటు నీరు పెట్టి పెంచిన తోట ఒక్క సాయంకాలమున చాపవలె పరచుకొనియుండుట చూచినవారికి తెలియును ఆ దుఃఖము. చీనీ చెట్టు నిలుచును గాని కాయ రాలును. ఇట్టి మేఘము ఏ తోటమీద విరుచుకొనునో ఒక దినము ముందు చెప్పగల శాస్త్రము నేటికి లేదు. ఆ దినమున ఆ జిల్లాలో అవకాశము కలదని చెప్పగలరు, పుట్టిన పిదప గంట రెండు గంటల ముందు హెచ్చరింపగలరు. క్యుములోనింబస్ అను ఈ మేఘముల భీకరత్వము పులివెందుల ప్రజలకు వేరుగా చెప్పనక్కరలేదు. 2009 సెప్టెంబరు 2న నాటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణించుచున్న హెలికాప్టరు దుర్వాతావరణమున నల్లమలలో కూలి ఐదుగురు మరణించిన నాటినుండి ఆ పేరు ఇచ్చటి ఇండ్లలో మరుపునకు రానిదైనది.

పిడుగు విషయము సంక్షేపముగా చెప్పెదను. మెరుపు కనబడిన పిదప ఉరుము వినబడు వరకు సెకండ్లు లెక్కించి మూడింట భాగించినచో దూరము కిలోమీటర్లలో వచ్చును. ముప్పది సెకండ్లలోపల ఉరుము వినబడినచో పిడుగు పది కిలోమీటర్ల లోపల నున్నదని యెరిగి, చేను విడిచి, చెట్టు క్రిందికి గాక పక్కా యింటిలోనికి పోవలయును. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ పంపు సందేశములును, దామిని అను యాప్‌ను ఇందులకు ఉపకరించును.

ఇప్పుడు సాధనముల విచారణ. ఇన్సాట్ శ్రేణి ఉపగ్రహములు, ముఖ్యముగా 2024 ఫిబ్రవరిలో ప్రయోగింపబడిన ఇన్సాట్-3డీఎస్ మొదలగునవి, అర్ధగంటకొకసారి పంపు మేఘచిత్రములు నేడు ఎవరి చేతిలోని ఫోనులోనైన చూడవచ్చును. సంఖ్యాత్మక నమూనాలు కూడ అట్లే. అమెరికావారిది, ఐరోపావారిది, మనదేశపుది పక్కపక్కన పెట్టి చూచుకొనవచ్చును. 2025 మే నెలలో ఆరంభమైన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ ఆరు కిలోమీటర్ల గడులతో లెక్క కట్టును. మూడు నాలుగు దినముల ముందు వాయుగుండపు మార్గమును చెప్పుటలో ఈ నమూనాలు సాధించిన ప్రగతి ఆశ్చర్యకరమైనది, దానిని తక్కువ చేయువారితో నేను ఏకీభవింపను. కాని ఆరు కిలోమీటర్ల గడిలో రెండు మూడు కిలోమీటర్ల వెడల్పు గల ఉరుముమేఘము ఇముడదు. పాలకొండల కనుమలు, గండి వద్ద పాపాఘ్ని చీల్చుకొని వచ్చిన లోయ, గండికోట అగాధము ఆ గడిలో నునుపైపోవును.

రాడారు లోటు ఇంకను పెద్దది, దీనిని గూర్చి మనవారు చాలినంత మాటలాడలేదని నా బాధ. చెన్నై, శ్రీహరికోట, మచిలీపట్నము, విశాఖపట్నములందలి డాప్లరు రాడారులు తీరమునకు కాపుగా నిలిచినవి. రాడారు కిరణము దాదాపు తిన్నగా పోవును, భూమి వంగియుండును. కావున దూరము పెరిగిన కొలది కిరణము నేలకు ఎడమగును. శ్రీహరికోటనుండి ప్రొద్దుటూరు సుమారు 210 కిలోమీటర్లు. అర డిగ్రీ కోణమున బయలుదేరిన కిరణము ఇచ్చటికి చేరునప్పటికి నేలకు నాలుగు కిలోమీటర్లపైన నుండును. చెన్నైనుండి ఆ దూరము 260 కిలోమీటర్లు, ఎత్తు ఆరు కిలోమీటర్లు దాటును. కొండల యడ్డము వేరు. మేఘశిఖరమును రాడారు చూచును గాని, క్రిందికి కుమ్మరింపబడు గాలిని, తక్కువ యెత్తున కురియు ముసురువానను చూడలేదు. ఫోనులోని రాడారు చిత్రమున మన మండలము ఖాళీగా కనబడినంత మాత్రమున వాన లేదని తీర్మానించుట తగదు. రాయలసీమ పడమటి భాగమును దగ్గరగా చూచు రాడారు కావలయునన్నది విలాసపు కోరిక కాదు. 2024లో కేంద్రము ఆమోదించిన మిషన్ మౌసమ్ పథకము రాడారుల సంఖ్యను పెంచుటను లక్ష్యముగా పెట్టుకొన్నది కనుక అడుగవలసిన కాలమును ఇదియే. తిరుపతి దాపున గాదంకిలో దేశమునకే గర్వకారణమైన ఎంఎస్‌టీ రాడారు కలదు గాని అది పైయాకాశపు గాలులను పరిశోధించునది, గాలివానల కాపరి కాదు. కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయమున చినుకుల పరిమాణమును కొలుచు పరికరముతో జరిగిన పరిశోధనలు మన వానయొక్క స్వభావమును గూర్చి విలువైన విషయములను తెలిపినవి. నైరుతి కాలపు చినుకులు ఈశాన్య కాలపు చినుకులకంటె పెద్దవియని ఈ ప్రాంతపు పరిశీలనలు చెప్పుచున్నవి. పెద్ద చినుకు నేలను కొట్టి మన్నును కదల్చును, ముసురుచినుకు ఇంకును. పదునును చేతితో పట్టి చూచు రైతునకు ఇది అనుభవసిద్ధమే.

సూచన భాషను చదువుట ఒక విద్య. ‘ఒకటి రెండు చోట్ల’ అనగా ఆ ప్రాంతపు వానకేంద్రములలో నాలుగింట ఒక వంతుకు మించకుండ అని అర్థము. ‘కొన్ని చోట్ల’ అనగా సగము వరకు. ‘చాలా చోట్ల’ అనగా మూడు వంతుల వరకు. ‘దాదాపు అన్ని చోట్ల’ అనగా అంతకు మించి. ‘భారీ వర్షము’ అనునది ఒక దినమున 64.5 మిల్లీమీటర్లకు తగ్గని వాన, 115.6 నుండి ‘అతి భారీ’, 204.4 దాటినచో ‘అత్యంత భారీ’. రాయలసీమలో ఒకటి రెండు చోట్ల భారీ వర్షములు అని విని, తన చేనిలో పడలేదని సూచనను నిందించువాడు ఆ వాక్యమును పూర్తిగా చదువలేదు. రాయలసీమ యంతయు ఒకే వాతావరణ ఉపవిభాగము. అందు కోడూరు తోటలును ఉన్నవి, అనంతపురము బీళ్లును ఉన్నవి. పసుపు, నారింజ, ఎరుపు వర్ణముల హెచ్చరికలు జిల్లాలవారీగా వచ్చుచున్నను, కొండకు తూర్పు పడమరల భేదమును అవి చెప్పజాలవు. ఆ భేదమును చెప్పవలసినది స్థానిక పరిశీలకుడు.

ఇక్కడనే అభిరుచిపరుల స్థానము. తిరుపతివాడై బెంగుళూరున సాఫ్ట్‌వేరు ఉద్యోగము చేయుచు ‘ఆంధ్రప్రదేశ్ వెదర్‌మ్యాన్’ అను పేర తెలుగులో సూచనలు వ్రాయు సాయి ప్రణీత్‌ను 2021లో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగమున ప్రస్తావించినారు. తెలంగాణమున బాలాజీ, తమిళనాట ప్రదీప్ జాన్ ఇట్టి కృషికి ప్రసిద్ధులు. వీరు చేసిన గొప్ప మేలు, శాఖవారి పరిభాషలో నలిగిన విషయమును రైతునకు అర్థమగు మాటలలో, ఊళ్ల పేర్లతో చెప్పుట. రాష్ట్ర ప్రణాళికా సంస్థ మండలములలో నెలకొల్పిన స్వయంచాలక వాతావరణ కేంద్రముల అంకెలు ఇంతకు పూర్వము కచేరీ కాగితములందే యుండెడివి. వీరి చేత అవి జనుల నోళ్లలోనికి వచ్చినవి. కాని పేరు గలవారిని చూచి, ఒక నమూనాచిత్రమును పది దినముల ముందు పట్టుకొని ‘మహాతుపాను’ అని చాటువారును పెరిగినారు. పది దినముల ముందటి నమూనాచిత్రము అనేక సాధ్యములలో ఒకటి. దానిని నమ్మి అరటిగెలను పక్వమునకు ముందే తెగనమ్ముకొన్న రైతు నష్టమును ఎవరు భరింతురు? ప్రాణాపాయపు హెచ్చరికలయందు వాతావరణ శాఖను, విపత్తుల సంస్థను మాత్రమే ఉటంకింపవలయును. స్వంత యూహను యూహగా చెప్పవలయును. తప్పినదానిని ఒప్పినదానితో సమముగా పుస్తకమున వ్రాసి ప్రకటింపవలయును. ఏ సూచన ఎన్నిమార్లు నిజమైనదో లెక్క చెప్పనివాని మాటకు ఎంత బరువు ఇయ్యవలయునో జనులకు తెలియదు.

ఆ లెక్కకు మూలము వానమాపకము. వేసవి గాలివానలో ఒక యూరికి నిండుగా పడిన వాన మూడు కిలోమీటర్ల దూరపు మరియొక యూరికి దుమ్ము మాత్రమే తెచ్చును. మండలమునకొక యంత్రము ఈ భేదమును పట్టజాలదు. ఒక మిల్లీమీటరు వాన అనగా చదరపు మీటరునకు ఒక లీటరు నీరు, ఎకరమునకు నాలుగు వేల లీటర్లు. మాపకము ఖరీదైన వస్తువు కాదు. దాని మూతి నేలకు ముప్పది సెంటీమీటర్ల యెత్తున, చెట్టునకో గోడకో దాని యెత్తునకు రెండింతలైన దూరమున, బహిరంగముగా నుండవలయును. మేడమీద పెట్టినచో గాలి వానను తప్పించును. ప్రతిదినము ఉదయము 8:30 గంటలకు చూచి, వాన లేని దినమున సున్న వ్రాయవలయును. సున్న వ్రాయని పుస్తకము పుస్తకము కాదు. మెరుపు, వడగళ్లు, గాలి వచ్చిన దిక్కు, వంక పారినది లేనిది పక్కన ఒక మాటగా చేర్చిన చాలును. ఇట్టి పుస్తకము పంటబీమా వివాదమున రైతునకు, రాడారు చూడని వానను సరిచూచుకొనుటకు శాస్త్రజ్ఞునకు, రేపు వంతెన యెత్తు నిర్ణయించు ఇంజనీరునకు ఆధారమగును.

కావున ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల ఉపాధ్యాయులకు, కళాశాల విద్యార్థులకు, రైతుమిత్రులకు నా మనవి ఇది: వచ్చు మృగశిరకు ముందే మీ బడి ఆవరణలోనో, పెరటిలోనో ఒక వానమాపకమును నిలుపుడు. మైలవరము, గండికోట, పార్నపల్లె నీటిమట్టములను దానిపక్కన వ్రాయుడు. ఆ పుస్తకమును నెలకొకమారు మీ మండల గణాంకాధికారికి చూపుడు. ఒక ప్రతిని మీ యూరి గ్రంథాలయమున ఉంచుడు.